బాషా మేస్త్రీ విన్న అడుగులు

నాగూర్ బాషా చదివింది ఐదో తరగతి, అదీ చుండూరు దగ్గర ఊరిబడిలో. అయితేనేం, నిజాంపట్నం రేవులో నలభై ఏళ్లుగా బోటు ఇంజన్లకు ఆయన మాటే తీర్పు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటే చాలు, ఏ సిలిండరు తడబడుతోందో చెప్పేస్తాడు. తుఫానులో నడిసముద్రాన ఆగిన ఇంజన్ను లుంగీ పీలికలతో కట్టి ఒడ్డుకు తెచ్చిన సంగతి, కంపెనీ ఇంజనీరు చేతులెత్తేసినదాన్ని అరగంటలో పలికించిన సంగతి అడక్కపోయినా చెబుతాడు. అవన్నీ నిజాలే.

అలాంటి మనిషి గుండె మూడేళ్ల కిందట లయ తప్పింది. గుంటూరులో రెండుసార్లు కరెంటు షాకు ఇచ్చారు. నెల తిరక్కుండానే మొదటికొచ్చింది. తొడలోంచి తీగ పంపి లోపల కాల్చారు. అదీ నిలవలేదు. ఇక తడబాటు పోదు, దాని దూకుడు తగ్గించడానికో బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా మరొకటి, రెండుపూటలా బతికినన్నాళ్లూ వేసుకోవాలన్నాడు డాక్టరు. భార్య అబీదా వాటిని తెల్లవారుజామున ఫజరు, రాత్రి ఇషా నమాజులతో ముడిపెట్టింది.

ఈ వేసవిలో గుండె నెమ్మదించింది. నడుస్తున్న ఇంజనుకు పానా పెట్టకూడదన్నది బాషా సిద్ధాంతం. నాలుగు రోజులు బిళ్లలు దిండు కింద దాచాడు.

సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున బోటు యజమాని వెంకట్రామయ్య పిలిస్తే బాషా అతని బోటెక్కాడు. నీళ్లు పాలమీగడలా కదలకుండా ఉన్నాయి. ఇంజను నడిపించి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు. ఎవరో చెక్కవంతెన మీద నడిచొస్తున్నట్టు, ఆగినట్టు, రెండడుగులు ఉరికినట్టు వినిపించింది.

మూడో సిలిండరన్నాడు. విప్పారు. పొద్దు వాలేదాకా వెతికినా లోపమేమీ లేదు. బిగించి మళ్లీ విన్నాడు. అవే అడుగులు. ఇంజను ఆపమన్నాడు.

ఆగింది. అడుగులు ఆగలేదు.

"ఏంటి మేస్త్రీ, దొరికిందా?" అన్నాడు వెంకట్రామయ్య.

బాషా స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "దొరికిందయ్యా. నీ బోటులో కాదు, నాలో."

నలభై ఏళ్లలో తన చెవి తప్పిందని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.

బస్సులో రేపల్లెలో ఇంటికి చేరేసరికి, పక్క దులుపుతూ అబీదా బిళ్లలు కనిపెట్టేసింది. కేకలేం వేయలేదు.

"శబ్దం బాగుందని ఆయిలు మార్చకుండా బోటు వదులుతారా మీరు?"

"వదలను."

మర్నాడు తెనాలిలో డాక్టరు పరీక్షచేసి, తప్పిన బిళ్లలు కలిపి మింగొద్దని, ఇకపై ఒక్క పూటా మానొద్దని చెప్పాడు.

నిషేధం ముగిసిన రోజు ఫజరు చదివి, బిళ్లలు వేసుకుని బాషా రేవుకెళ్లాడు. వెంకట్రామయ్య బోటులో, ఇంజనుకు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. అది నిండుగా, ఒక్క తీరున పలుకుతోంది. దానికి వెనకగా, ఎక్కడో కరకట్ట మీద ఓ ముసలాయన తడబడుతూ నడుస్తున్నాడు. తొందరేం లేదు ఆయనకు. ఆ అడుగులు ఎవరివో బాషాకిప్పుడు తెలుసు.

"వదలండి," అన్నాడు.

బోటు వెలుతురులోకి జారుకుంది.