పెద్దబావి చార్టులో నాలుగు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో నన్ను నరసరావుపేటలో ఒక నీటి పరీక్షల ల్యాబుకు సీనియర్ అనలిస్టుగా వేశారు. చేరిన వారానికే మా పై అధికారి డీఈ గారు పిలిచారు. రెంటచింతల వైపు ఒక ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయట. జనం పాత పెద్దబావి నీళ్ళు తాగుతున్నారట, పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయట. ఊళ్ళోని బావులు, బోర్లు అన్నీ పరీక్షించి రమ్మన్నారు.

మా పద్ధతి ఇది. నీటిని సన్నని వడపోత కాగితం గుండా వడకట్టి, ఆ కాగితాన్ని చిన్న పళ్ళెంలో పరిచి ఒక రోజు వెచ్చని పెట్టెలో ఉంచుతాం. క్రిములు చుక్కలుగా పెరుగుతాయి, వాటిని లెక్కపెడతాం. బడి బోరులో వంద తేలాయి. ఒక బోరులో అసలు లేవు. పెద్దబావిలో పదివేలు.

స్ప్రెడ్‌షీట్‌లో చార్టు గీస్తే పెద్దబావి ఒక్కటే పైకి లేచింది. మిగతావన్నీ అడుగుకు అతుక్కుపోయాయి. అందుకని అంకెలకు లాగరిథం తీశాను. అప్పుడు వంద రెండవుతుంది, పదివేలు నాలుగవుతుంది. సున్నాకు లాగ్ ఉండదు గనుక ముందే ప్రతి అంకెకూ ఒకటి కలిపాను. చుక్కలన్నీ విడివిడిగా ముచ్చటగా కనిపించాయి. దాన్నే పెద్దగా అచ్చు వేయించి పంచాయతీ ఆఫీసులో గోడకు అంటించాను.

అక్కడ జరిగిన సభలో, బావి మూసేయాలని డీఈ గారు చెప్పగానే వార్డు మెంబరు నర్సమ్మ లేచింది. అరవై దాటిన మనిషి, ఆ బావి పక్కనే ఇల్లు.

"ఏంది మేడం, బడి బోరుది రెండు, మా బాయిది నాలుగు. ఆ మాత్రం తేడాకి బాయి మూసుకోమంటే ఎట్టా? నీళ్ళు నువ్వు మోసి పోస్తావా?"

అందరూ నవ్వారు. నేను లాగరిథం వివరించబోయాను. నా మాట నాకే అర్థం కాలేదు. బావి మూయకుండానే సభ ముగిసింది. జీపులో డీఈ గారు ఊరివాళ్ళ మీద విసుక్కుంటుంటే, తప్పు నాదేనని చెప్పాను. నర్సమ్మ చార్టులో ఉన్నదే చదివింది.

మర్నాడు పొద్దున్నే నేనూ మా టెక్నీషియన్ మస్తాన్‌వలీ గారూ కూర్చున్నాం. అక్షాన్ని లాగ్ స్కేలుకు మార్చే వీలు స్ప్రెడ్‌షీట్‌లోనే ఉంది, కానీ అందులో సున్నాకు చోటు లేదు. క్రిములు లేని బోరును చూపించకపోతే ఎలా? చివరికి పక్కన చిన్న పట్టిక వేశాం. ఒక వరుసలో చూపించాల్సిన అంకెలు: సున్నా, పది, వంద, వెయ్యి, పదివేలు. రెండో వరుసలో వాటికి ఒకటి కలిపి తీసిన లాగ్‌లు. ఆ లాగ్‌ల దగ్గర, నిలువు అక్షం మీద, చుక్కలు పెట్టించి, వాటి లేబుళ్ళుగా మొదటి వరుసను ఎంచుకున్నాం. తర్వాత ఆ చుక్కలనూ, అక్షం సొంత అంకెలనూ కనబడకుండా చేశాం. బావుల చుక్కలు ఒక్కటీ కదల్లేదు, అక్షం మీద మాత్రం అసలు అంకెలు వచ్చాయి.

"మేడం, ఇప్పుడు చూస్తే నాకే భయమేస్తాంది," అన్నారు మస్తాన్‌వలీ గారు.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ వెళ్ళి గోడకు కొత్త చార్టు అంటించాం. నర్సమ్మ దగ్గరికొచ్చి, అక్షం మీద వేలు పెట్టి పైకి జరుపుతూ చదివింది. పదివేల దగ్గర వేలు ఆగింది.

"నిన్న నాలుగంటిరే!"

ఆ నాలుగు నేను రాసిన పద్ధతిలో వచ్చిన తప్పని ఒప్పుకున్నాను. ఆమె గుమ్మం వైపు తిరిగి, "ఒరేయ్, బాయి కాడ తాడు తీసెయ్యండిరా!" అని కేక వేసింది. సాయంత్రానికి బావికి ముళ్ళకంప కొట్టేశారు. డీఈ గారు ట్యాంకరు పంపించారు.

ఊరివాళ్ళే నీళ్ళు తోడించి, పూడిక తీయించారు. మేము బ్లీచింగ్ వేయించాం. క్లోరిన్ ఘాటు తగ్గాక తెచ్చిన నమూనాలో ఒక్క క్రిమి కూడా పెరగలేదు. ఖాళీ పళ్ళేన్ని మస్తాన్‌వలీ గారు ల్యాబంతా తిప్పి చూపించారు. మరో నమూనా కూడా అలాగే వచ్చాక చార్టు తీసుకుని డీఈ గారితో ఊరికి వెళ్ళాం. పెద్దబావి చుక్క అట్టడుగున, సున్నా దగ్గర ఉంది. ఈసారి ఎవరూ వివరించమనలేదు. ఎవరో డప్పు అందుకున్నారు. నర్సమ్మ మొదటి చేద తోడి నాకు చెంబుతో ఇచ్చి, "చానా బాగుండాయి, తాగమ్మా," అంది. డీఈ గారు రెండు చెంబులు తాగారు.

ఆ తర్వాత మా ల్యాబు నుంచి వెళ్ళే ప్రతి చార్టులోనూ ఒకే నియమం పాటించాను. లాగ్ తీయడం గీసేవాడి సౌకర్యం. అక్షం మీద మాత్రం లెక్కలో వచ్చిన అసలు అంకెలే ఉండాలి. అచ్చు వేసే ముందు, ఆ పనితో సంబంధం లేని ఒకరి చేత చదివించాలి. వాళ్ళు తప్పుగా చదివితే దిద్దాల్సింది చార్టునే.