రేసు సైకిలూ, కొండెక్కే మేకలూ

నాకు సైకిళ్ళ మీద ప్రేమేమీ లేదు. ఉన్నదల్లా జీపు మీద కోపం. అరకులో మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే ఊరికి పోవాలంటే సర్వీసు జీపే గతి. దానికి టైమంటూ లేదు. లోపల నిండాలి, తర్వాత పైన నిండాలి, తర్వాత వెనక వేలాడేవాళ్ళు రావాలి. అప్పటికీ డ్రైవరు కళ్ళకి ఇంకొక మనిషికి చోటు కనపడుతూనే ఉంటుంది. నా ఒళ్ళో ఎవరిదో కోడి, నా కాళ్ళ కింద ఎవరిదో పసుపు మూట. ఇలా ఊరేగుతూ నేను చేరేసరికి బడి టైము ఎప్పుడో దాటిపోయేది.

మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఆ ఏకోపాధ్యాయినిని నేనే. టీచరు రాకపోతే మా పిల్లలు చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. మేకల్ని తోలుకుని కొండెక్కేస్తారు. ఎక్కిన మేకలు సాయంత్రందాకా దిగవు, వాటి వెనకున్న పిల్లలూ దిగరు. మిగిలిన ఇద్దరు ముగ్గురికీ, ఖాళీ బల్లలకీ ఎక్కాలు చెప్పి ఇంటికొచ్చేదాన్ని. సిగ్గేసేది. ఒక్కోరోజు ఏడుపొచ్చేది. మేకలకంటే ముందు ఆ ఊరు చేరడమే ఆ ఏడాది నాకున్న ఏకైక జీవితాశయం.

సైకిలు నాకు ఒక లాడ్జి వెనక, కోళ్ళ కింద దొరికింది. ఎప్పుడో ఒక తెల్లదొర దాన్ని వైజాగ్ నుంచి కిరండూలు రైల్లో తెచ్చుకున్నాడట. రెండు రోజులు మా కొండల్లో తొక్కి, మూడోరోజు టాక్సీ పిలిపించుకుని, సైకిలు ఊసెత్తకుండా వైజాగ్ వెళ్ళిపోయాడట. అప్పట్నుంచీ కోళ్ళు దానిమీద ఎక్కి నిద్రపోతున్నాయి. లాడ్జి ఆవిడని అడిగితే, “తీసుకుపో తల్లీ, కోళ్ళకి ఓ కర్ర కట్టీసుకుంటాను” అంది.

సన్నటి ఉక్కు చట్రం, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హేండిలు, వేలెడంత వెడల్పు టైర్లు, కూర్చుంటే ఎక్కడెక్కడో కోసే సీటు. వెనక చక్రానికి అంచెలంచెలుగా పళ్ళ బిళ్ళలు, అంటే గేర్లున్నాయన్నమాట. మావారు దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు.

“ఇదేటే? ఇనప కొట్టుకెల్తూ దారి తప్పీసిందా?”

“దీనిమీద బడికి వెళ్తాను.”

“ఈ వయసులో? ముందు నడుం ఇరుగుతాదా, సైకిలిరుగుతాదా?”

మావారిది కురుపాం పక్క పల్లె. అక్కడ మాట ముందు పుడుతుంది, ఆలోచన వీలున్నప్పుడు పుడుతుంది. నేను వెళ్ళి కిరసనాయిలు డబ్బా తెచ్చుకున్నాను. సెలవులంతా అదే పని. అంట్లపీచుతో కోళ్ళ రెట్టలు వదిలించాను. గొలుసుని కిరసనాయిల్లో నానబెడితే తెల్లారేసరికి నూనె నల్లటి బురదైంది. తుప్పుపట్టిన గేరు తీగ తీసేసి స్కూటరు క్లచ్ తీగ వేయించాను. టైర్లకోసం మా తమ్ముడు వైజాగంతా జల్లెడపట్టి, ఒకే ఒక్క కొట్లో దుమ్ముకొట్టుకుని ఉన్న ఒకే ఒక్క జత పట్టుకొచ్చాడు. బడి తెరిచే రోజుకి సైకిలు తళతళలాడింది. నాకైతే మళ్ళీ పెళ్ళికూతుర్ని చేసినంత సంబరం.

అక్కడే మావారికి భక్తి పొంగింది.

“బండి కొత్తగా రోడ్డెక్కుతంటే పూజ సెయ్యవా? ఏటైనా అయితే?”

“ఇది సైకిలండీ.”

“సక్రాలున్నాయి కదా!”

పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద చెరో నిమ్మకాయ. అంతా లారీకి చేసినట్టే చేశారు. కొబ్బరికాయనైతే ముందు చక్రానికి ఎదురుగా, పాత పగ తీర్చుకుంటున్నట్టు నేలకేసి కొట్టారు. లారీ చక్రం కింద నిమ్మకాయ చితుకుతుంది. వేలెడు టైరు కింద అది చితకలేదు, దొర్లింది. నేను తొక్కానో లేదో చక్రం పక్కకి జారి, నిలువుగా లేచి ఉన్న కొబ్బరి పెంకు మీదికి ఎక్కింది. బుస్సుమంది. నేను బంతిపూల దండతో సహా గుమ్మం ముందు కూలబడ్డాను.

“దిష్టి పోయింది” అన్నారు మావారు.

దిష్టి సంగతి దేవుడెరుగు, టైరు పక్కన బొటనవేలు దూరేంత చీలిక. సంత వీధి మెకానిక్ దాంట్లో నిజంగానే బొటనవేలు పెట్టి చూశాడు. “ట్యూబుకైతే పంచరేత్తాను టీచరమ్మా. టైరు మరి పనికి రాదు. ఈ సైజు మన దగ్గిర నేదు” అన్నాడు. అలాంటిది ఇంకొకటి వైజాగ్‌లోనూ లేదని మా తమ్ముడు తేల్చేశాడు. ఆ రాత్రి మావారికి కొబ్బరి పచ్చడి ఒక్కటే వడ్డించాను. పొద్దున్న మళ్ళీ జీపెక్కాను. బడిలో మళ్ళీ ఇద్దరే.

ఆ కోపంలోంచే ఇప్పటి నా సైకిలు పుట్టింది. దొర సైకిల్ని దొర సైకిల్లా ఉంచాలన్న మోజు నాకు ఒక్కసారిగా వదిలిపోయింది. మెకానిక్ దగ్గర మూలపడున్న ఆడపిల్లల సైకిలు ముందు చక్రం తీసి దీనికి పెట్టమన్నాను. అది కాస్త చిన్నది. బ్రేకు రబ్బరు దానికి అందకపోతే ఇనపపట్టీ ముక్కలు వేసి బ్రేకుని కిందికి దించాడు. ముందు పొట్టి, వెనక పొడుగు, సైకిలేమో కుమ్మడానికి తలొంచినట్టు తయారైంది. హేండిల్ని తలకిందులుగా బిగించేసరికి నా నడుముకి హాయి దొరికింది. మెత్తటి సీటు, వెనక పుస్తకాలకి క్యారేజీ, ట్రింగుమనే బెల్లు. ఆ దొర చూస్తే గుండె పట్టుకునేవాడు. ఈసారి కొబ్బరికాయ కొట్టద్దని మావారికి ముందే చెప్పాను. అగరొత్తి ఒక్కటి వెలిగించి, దూరంగా నిలబడ్డారు పాపం.

మర్నాడు జంక్షను దాటుతుంటే జీపు ఇంకా నిండుతోంది. “టీచరమ్మా, సీటు కాళీ ఉంది, ఒచ్చీయి!” అని అరిచాడు డ్రైవరు. బెల్లు కొట్టాను. అంతకంటే మర్యాదైన జవాబు నాకు తట్టలేదు. పెద్ద ఎక్కుడు సగంలో గేర్లూ అయిపోయాయి, ఊపిరీ అయిపోయింది. దిగి నెట్టాను. తర్వాత దిగుడు. చున్నీ నడుముకి కట్టుకుని, నోరు తెరుచుకుని, గట్టిగా నవ్వుకుంటూ దిగాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు అనవసరం.

నేను చేరేసరికి మేకలింకా దొడ్లోనే ఉన్నాయి. గంట కొట్టాను. చేతుల్లో కర్రలు పట్టుకున్న పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. కాసేపటికి కర్రలు గోడకి ఆనించి ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఊరంతా మెచ్చుకుంటుందని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఒక తల్లి చేతిలో కలుపు తీసే చేతిగొర్రుతో, రాగి చేలోంచి కస్సుమంటూ వచ్చింది.

“ఏటి నువ్వు, ఇంత బేగి ఒచ్చీసినావు?”

“బడి టైము ఇదేనమ్మా.”

“ఇన్నాళ్ళూ నేదా ఆ టైము? నీ జీపు రాదనే కదా గుంటల్ని మేకలెనక తోల్తన్నాం. ఇప్పుడు మేకల్నెవులు తోల్తారు? నా సోడి సేనెవులు సూత్తారు?”

పిల్లల్ని మేకలు ఎత్తుకుపోతున్నాయని ఇన్నాళ్ళూ ఊరిని తిట్టుకున్నాను. ఊరేమో నా ఆలస్యానికి సర్దుకుని, దానిమీదే తన రోజు పనులు అల్లుకుంది.

ఆవిడ నా సైకిలు వంక చూసింది. “రేపూ ఒస్తావా?”

“వస్తాను.”

“వోన పడితే?”

“పడినా వస్తాను.”

ఆవిడ గొర్రు బడి గోడకి ఆనించి, అక్కడున్న కర్రల్లోంచి ఒకటి ఏరుకుంది. మేకల్ని దొడ్లోంచి విప్పి తనే కొండవైపు తోలుకుపోయింది. నన్నూ, నా సైకిల్నీ, నాకు ఉద్యోగమిచ్చినవాళ్ళనీ మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది. లోపలికెళ్ళి హాజరుపట్టీ తెరిచాను. ఆ తిట్ల మధ్య నేను పిలిచిన ప్రతి పేరుకీ ఒక గొంతు పలికింది.