మా బాపు హోటల్, నా కంప్యూటర్ ఆట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటినే రచ్చకెక్కించి రెండుచోట్లా ఓడిపోయాను. ఎలాగో చెబుతాను, నవ్వండి. నవ్వడానికే చెబుతున్నాను.

2012లో కామారెడ్డిలో కంప్యూటర్స్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుగా తోటివాళ్లు లైబ్రరీ పట్టికో, హాజరు పట్టికో చేస్తుంటే నాకు పైత్యం ముదిరి వీడియో గేమ్ చేస్తానన్నాను. టిఫిన్ హోటల్‌కు గిరాకీలు వస్తారు. ఒక్కొక్కరి నెత్తి మీద పచ్చగీత ఉంటుంది. ఓపిక తగ్గేకొద్దీ అది ఎర్రబడుతుంది. ఆడేవాడు సేఠ్‌ను, అంటే హోటల్ యజమానిని, నడిపించి ఆలోపు ఇడ్లీయో చాయో అందించకపోతే లేచి వెళ్లిపోతారు. అదీ ఆట.

హోటల్‌ను ఊహించుకునే శ్రమ కూడా పడలేదు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మా బాపు, అదే మా నాన్న, నడిపే హోటల్‌నే దించేశాను. బొమ్మలు గీసింది నా దోస్తు నయీమ్, దోమకొండవాడు.

"సేఠ్ నడక ఎట్ల పెట్టాలెరా?" అన్నాడు.

"మా బాపు లెక్క పెట్టు. మోకాలు నొప్పి గద, బురదలకెళ్లి బర్రె లేచినట్టు నడుస్తడు. గట్లయితేనే ఆట కష్టమైతది."

అంతటితో ఆగానా? ఓడిపోతే తెరమీద పడే మాటలూ నేనే రాశాను: 'సేఠూ, నీకు హోటల్ చేతకాదు. బంద్ చెయ్యి.' రాసుకుని నాలో నేనే పొట్ట పట్టుకుని నవ్వుకున్నాను.

ప్రాజెక్టు చూపించే రోజున, రవ్వ కొనడానికి కామారెడ్డి వచ్చిన బాపు, కొడుకు ఏం చేశాడో చూద్దామని నేరుగా ల్యాబ్‌కే వచ్చాడు. మా సార్‌కు సంబరమైంది.

"హోటల్ నడిపేటాయనే దొరికిండు. ఆయనతోనే ఆడిద్దాం."

నా గుండె పూరీలా పొంగి చప్పబడింది. బాపు భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని, వేడి గ్లాసు పట్టుకున్నట్టు మౌస్ పట్టుకున్నాడు.

"ఈ సేఠ్ గింత మెల్లగ నడుస్తడేంది?"

"అది మీరే చాచా," అన్నాడు నయీమ్ మురిపెంగా. "మీ నడకే పెట్టుమన్నడు మీ కొడుకు."

బాపు నా వైపు చూడలేదు. ఆటలో ఒక ముసలామె గీత ఎర్రబడుతోంది. "ముందుగాల ఈ అవ్వకు చాయ్ ఇద్దాం," అంటూ వరుస తప్పించి ఆమె దగ్గరికి పోయాడు. వరుస తప్పితే శిక్ష పెట్టిన మేధావినీ నేనే. మిగతా గిరాకీలంతా ఒక్కసారిగా లేచి వెళ్లిపోయారు. నా మాటలు తెరమీద పడ్డాయి, వెనక గాడిద ఓండ్రింపుతో సహా. ల్యాబంతా విరగబడి నవ్వింది. బాపు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, అందరికన్నా ఆఖరున నవ్వాడు.

ఇద్దరం ఎక్కిన తిరుగు బస్సు లింగంపేట దాటింది.

"ఊకెనే, నవ్వులాటకు పెట్టిన బాపూ," అన్నాను.

"ఆట మంచిగనే ఉంది బిడ్డా. ఒక్కటే సమజ్ కాలే. ఆ సేఠ్‌కు కొడుకు లేడా?"

"ఆటల కొడుకెందుకు బాపూ?"

"అవు తియ్. అసలు హోటల్ల గూడ లేడు గద."

వారం సంత జరిగే అంగడి రోజు హోటల్‌కు వచ్చి కాస్త చెయ్యి వెయ్యమంటే, మూడేళ్లుగా పరీక్షలని ఒకసారి, ప్రాజెక్టని ఒకసారి తప్పించుకు తిరిగిన కొడుకును నేను.

ఇంటికి వెళ్లి తలస్నానం చేసి, తడిబట్టలతో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంకో మనిషి నడకతో ఆట కట్టను. ఈ రోజుకూ ఆ ఒట్టు తప్పలేదు. ఆట చేసిపెట్టమని నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. అంగడి రోజు రమ్మని బాపు కూడా అడగలేదు.