ఫిల్టర్ పక్కకి తోసినవి

అమెరికాలో ఆ రోజుల్లో ఫ్లైట్ ఎక్కాలంటే, గడ్డం చూసి అనుమానిస్తారని నున్నగా గీసుకుని వెళ్ళేవాణ్ణి. 2007లో ఓసారి సెక్యూరిటీ లైన్‌లో నిలబడి, భయం బయటపడకుండా ప్రోగ్రామింగ్ పుస్తకంలో మ్యాప్, ఫిల్టర్ అనే ఫంక్షన్ల పాఠం తిరగేస్తున్నాను. నా ఫ్లైట్‌కే వెళ్తున్న తెలుగాయన వెనకనుంచి తొంగిచూశాడు. ఆయన చెంప మీద కూడా బ్లేడు గాటు తాజాగా ఉంది.

“మ్యాప్, ఫిల్టరా? ఇక్కడే ఉన్నాయి కదండీ. అందరిచేతా షూస్ విప్పిస్తున్నారు, అది మ్యాప్. కొందర్నే పక్కకి రమ్మంటున్నారు, అది ఫిల్టర్.”

“కండిషన్ ఏంటండీ?” గొంతు తగ్గించి అడిగాను.

“అదే మనకి చూపించరు.”

నన్ను వెళ్ళమన్నారు. ఆయన్ని ఆగమన్నారు. బూట్లు చేత్తో పట్టుకుని, నన్ను పొమ్మన్నట్టు తల ఊపాడు.

ఫ్లైట్ తలుపులు మూసేదాకా చూశాను. ఆయన ఎక్కలేదు.

ఇప్పటికీ కోడ్‌లో ఫిల్టర్ రాస్తే, అది పోనిచ్చినవాటికన్నా ముందు, పక్కకి తోసేసినవేమిటో ప్రింట్ చేసి చూస్తాను.