గడ్డం కింద ప్రశ్న

అతనికి క్షురకవృత్తిలో తోటివారు పెట్టిన పేరు నిదానం. చేయి నిదానం, నడక నిదానం. నాలుక మీద మాత్రం నువ్వుగింజ నానదు. పని కోసం వెళ్ళిన రెండు క్షౌరశాలల యజమానులు, ఐదేళ్ళ తరువాత ఏం చేద్దామనుకుంటున్నావని అడిగితే, సొంత దుకాణం పెట్టుకుంటానని ఉన్నదున్నట్టు చెప్పాడు. సత్యం తరింపజేసే తెప్ప అంటారు పెద్దలు. ఆ తెప్ప అతణ్ణి రెండుసార్లూ తిన్నగా ఇంటి గుమ్మానికే చేర్చింది. పనివాడు వెళ్ళిపోతే అతని చేతికి అలవాటుపడిన తలలు కూడా వెంట వెళ్ళిపోతాయని యజమానుల భయం.

అందుచేత మూడవ చోటికి బయలుదేరుతుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే పని ఆమెది. సొంత దుకాణపు కలలో సగం వాటా కూడా ఆమెదే. ఇద్దరి సంపాదనా తోడైతే తప్ప ఆ కల నెరవేరదని ఆమెకు తెలుసు.

"చచ్చేదాకా మీ దగ్గరే ఉంటానని చెప్పండి. నోరు తిరక్కపోతే తల ఊపండి. అంతేగానీ మన దుకాణానికి ఏ రంగు వేయిస్తామో కూడా చెప్పి రాకండి."

రంగు సంగతి కిందటి చోట అతను నిజంగానే చెప్పి వచ్చాడు.

మూడవ యజమాని వృద్ధుడు. పని కోరినవాడు ఆయనకే గడ్డం గీసి చూపాలి. అందుకోసమే పెంచిన తెల్లని గడ్డం ముళ్ళపొదలా నిక్కి ఉంది. నిదానం వేడినీటి తువ్వాలు అద్ది, నురుగు పట్టించి, కత్తిని తోలుపట్టీ మీద నూరాడు. పెద్దాయన ఇంటి సంగతులూ, పాత పనుల సంగతులూ అడుగుతూ తల వెనక్కు వాల్చాడు. సరిగ్గా కత్తి కంఠం దగ్గరకు చేరిన క్షణాన, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు:

"ఐదేళ్ళయ్యాక ఏమిటోయ్ నీ ఆలోచన?"

భార్య నేర్పిన మాట నిదానం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కంఠాన్ని తన చేతికి అప్పగించి కళ్ళు మూసుకున్న మనిషితో అబద్ధమాడటం మహాపాపమనిపించింది.

"సొంత దుకాణం పెడతానండీ. రెండు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. మీ వీధిలో మాత్రం పెట్టను. ఇక్కడున్నన్నాళ్ళూ మీ పని నా పనే."

కత్తి కింద పెద్దాయన గొంతు ఒకసారి గుటక వేసింది. బదులు చెప్పే వీలు లేదు. ఇదే అదనని నిదానం రంగుతో సహా అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ కత్తి ఏటివాలున పడవలా సాగింది. చివరకు, ఈ పనీ చెయ్యిజారినట్టేననుకుంటూ తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

పెద్దాయన అద్దంలోకి వంగి గడ్డం కింద తడుముకున్నాడు. అక్కడ పాత గాట్లు ఉన్నాయి, కొత్తది లేదు.

"ఇదిగో, ఈ గాటు పెట్టినవాడు జన్మంతా నా కాళ్ళ దగ్గరే పడుంటానన్నాడు. ఇది పెట్టినవాడు నన్ను కన్నతండ్రన్నాడు. నోరు అబద్ధమాడితే చెయ్యి వణుకుతుందోయ్. రేపు పొద్దున్నే వచ్చెయ్."

నిదానం మడిచిన తువ్వాలును విప్పి మళ్ళీ మడిచాడు. పెద్దాయన అంతటితో వదలలేదు.

"మీ దుకాణంలో మూడో కుర్చీకి చోటుంచు. ఈ పెత్తనం విసుగొచ్చింది. అప్పటికి దీన్ని ఎవరికో అప్పజెప్పి, హాయిగా నీ దగ్గర పనికి కుదురుతా."

"మా ఆవిడనొక మాట అడగాలండీ. అయినా మీ చెయ్యి నేనింకా చూడలేదు కదా," అంటూ నిదానం కుర్చీలో కూర్చుని, తల వెనక్కు వాల్చాడు.

పెద్దాయన నవ్వుకుంటూ నురుగు కలపసాగాడు.