తాత లుంగీలో చుట్టిన బిడ్డ

మనవడి సంగతి నాకు మొదట చెప్పింది మా పక్కింటామె. చుట్టిన బీడీలు అప్పగించి వస్తుంటే గుడియాత్తంలో మా వీధి మొదట్లోనే ఎదురొచ్చింది.

"అక్కా, బిడ్డ పచ్చగా అయిపోయినాడు. ఉచ్చ డికాషన్ మాదిరి పోస్తా ఉండాడు. పాలు కూడా పట్టలేదంట."

మా కూతురు తొలికాన్పుకు నా దగ్గరికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి వారం కాలేదు. నేను ఇల్లు చేరేసరికి మా అమ్మ వాణ్ణి వాకిట్లో ఎండకు పట్టుకుని కూర్చుంది.

"పసుపే కదమ్మా. మన పెండ్లికొడుకు నలుగు పెట్టించుకున్నాడు, అంతే" అని నవ్వింది. "నువ్వు పుట్టినప్పుడూ ఇట్లే ఉంటివి."

మా ఇళ్లలో పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ వేయరు. నిండుగా బతికిన పెద్దల పాతబట్టలో చుడితే వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. మా నాన్న మగ్గం మీద లుంగీలు నేసి, పండుముసలి అయ్యాకే కన్నుమూశాడు. ఆయన కట్టి కట్టి మెత్తబడిన లుంగీలను అమ్మ ట్రంకుపెట్టెలో కలరా ఉండలు, మా పక్క పాచ్చా ఉండలంటాం, వేసి దాచింది. తీసినవి తీసినట్టే బిడ్డకు చుట్టింది. ఉతికితే ఆయన వాసన పోతుందట. నిజానికి వాటికి మిగిలింది ఆ ఉండల వాసనే.

సాయంత్రానికి ఏడుపు కూడా సన్నబడింది. బండి మాట్లాడుకుని వేలూరుకు తీసుకుపోయాం. డాక్టరమ్మ బిడ్డ మీదికి వంగి, ముక్కు చిట్లించి, ఈ గుడ్డ ఎక్కడ దాచారని తమిళంలో అడిగింది.

"పాచ్చా ఉండలేసి బద్రంగా పెట్టిండానమ్మా. ఒక్క పురుగు ముట్టలే" అంది అమ్మ, గొప్పగా.

డాక్టరమ్మ వెంటనే గుడ్డ విప్పించి బయట వేయించింది.

బడికి పోని నాకు నాన్న బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లో నేర్పిన తెలుగే చదువు. రక్తపరీక్ష అయ్యాక ఆమె చెప్పిన పేరు అందులో ఎక్కడా లేదు. జి సిక్స్ పి డి అనే ఎంజైము. ఎర్ర రక్తకణాలు చితికిపోకుండా కాచేది అదేనట. మా బిడ్డలో అది మరీ తక్కువ. ఆ ఉండల ఆవిరికి కణాలు పగిలి, పసుపు మెదడుదాకా ఎక్కింది. ఇదే లోపంతో ఎంతోమంది ఏ జబ్బూ లేకుండా బతికేస్తారట. కొన్ని మందులకూ ఈ ఉండలకూ దూరంగా ఉంటే చాలట. తల్లి నుంచి మగబిడ్డకు దిగుతుందట.

"అంటే నా నుంచి దీనికి, దీని నుంచి దాని కూతురికి, ఆడ్నుంచి వీనికా?" అని అడిగింది అమ్మ.

"అలా ఉండొచ్చు పాట్టీ. మీ తప్పేం లేదు" అంది డాక్టరమ్మ అమ్మతో.

"గుడ్డా నాదే, రత్తమూ నాదే" అంది అమ్మ.

బిడ్డ ఒంట్లోని రక్తం తీసి వేరే రక్తం ఎక్కించారు. ఇచ్చినవాళ్లెవరో నాకు తెలియదు. ప్రతి ఉదయం వాళ్ల కోసం దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. బిడ్డ బతికాడు. చెవులు వినిపించవు. నిలవాల్సిన నెలలు దాటినా మెడ ఇంకా నిలవలేదు.

ఇంటికి వచ్చిన నాటినుంచి అమ్మ వాణ్ణి ముట్టుకోలేదు.

"అవ్వా, ఒకపారి ఎత్తుకోవే" అని నా కూతురు ఒడిలో పెట్టబోతే, చేతులు వెనక్కి తీసుకుంటుంది.

"వద్దు తల్లీ. నా చేతులు వద్దు వానికి."

బిడ్డ కోసం మా సంఘమంతా ప్రార్థిస్తోంది, ఆ మేలు మరువలేను. అమ్మ కోసం మాత్రం ఎవరూ దేవుణ్ణి అడగరు. ఇది చదివినవాళ్లు మీ ప్రార్థనలో ఆమెను ఒక్కమారు తలుచుకోండి.