బాపు చేతికి కరోనా మీటరు

రెండోసారి లాక్‌డౌన్ పడ్డప్పుడు పట్నంలో గది ఖాళీ చేసి మా ఊరు రామన్నపేటకు వచ్చేశాను. వస్తూ వస్తూ బాపుకని కొన్న చేతి గడియారం తెచ్చాను. మగ్గం మీద కూర్చున్న బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మీదేదో ఇంగ్లిషుల రాసిండ్రు, ఏందిరా?" అన్నాడు.

"క్రోనోమీటర్ అని, బాపూ. ఎండైనా చలైనా టైం తప్పని గడియారాన్ని గట్లంటరు. ఎనుకట సముద్రంల ఓడ ఏడుందో గిసొంటిదాంతోనే లెక్కగట్టేటోళ్లు."

"మీటరంటే బట్ట కొలిచేదే గదరా!" అంది పక్కనే మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అవ్వ.

బాపుకు మాత్రం ఆ పేరు తెగ నచ్చింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లందరికీ చేయెత్తి చూపించాడు. ఎదురింటి చిన్నమ్మకు వినికిడి తక్కువ. పైగా బాపు మూతికి మాస్కు. ఆమెకు వినబడింది కరోనా మీటరు.

తెల్లారి లేచేసరికి మా అరుగు ముందు ఐదారుగురు దూరం దూరంగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు చిన్నమ్మ.

"బావా, రాత్రి నుంచి దగ్గొస్తాంది. జర సూడు," అని ముంజేయి చాపింది.

టైం అడుగుతోందనుకుని బాపు గడియారం చూశాడు. "ఎనిమిదింబావు."

"అమ్మో! ఎంత దాటితే దవాఖానకు పోవాలె?"

బాపు గడియారాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఎలాగో ఆపుకుని, అది టైం చూపించేదని అందరికీ చెప్పాను. వెనక వీధి నుంచి వచ్చిన ముసలాయనకు కోపం వచ్చింది. "టైం సూసుకొని ఏం జేస్తం? యాడికన్న పోయేదుందా?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

చిన్నమ్మ మళ్లీ దగ్గింది. ఈసారి నవ్వు రాలేదు, భయమేసింది. బండి మీద దవాఖానకు తీసుకుపోయాను. పరీక్ష చేసి, ఉత్త జలుబే అన్నారు. ప్రాణం కుదుటపడింది.

తిరిగొచ్చిన చిన్నమ్మ వాడకట్టంతా చెప్పింది: "మా బావ మీటరు ఎనిమిదింబావు సూపెట్టింది. గంతే ఉంటే ఏం ఫికర్ లేదంట!"

మర్నాడు జనం రెట్టింపయ్యారు. అది ఉత్త గడియారమేనని చెప్పీ చెప్పీ బాపు నోరు నొప్పి పెట్టింది. చివరికి దగ్గినవాళ్లనల్లా దగ్గరికి రానివ్వకుండానే, గడియారం వంక చూసి గంభీరంగా తలాడించాడు.

"జర ఎక్కువనే ఉన్నది. దవాఖానకు పో."